ఎల్ఎంఎల్ వెస్పాకి పికప్ తెప్పించడం: మొదటిసారి ఇంజన్ విప్పేవాళ్ళకి

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ చెప్తాను. సాయంత్రాలూ సెలవులూ టూ స్ట్రోక్ స్కూటర్లతోనే గడిచిపోతాయి. పాత ఎల్ఎంఎల్ వెస్పా ఉన్న కుర్రాడెవడైనా మా ఇంటికొస్తే ముందు అడిగేది 177 సీసీ కిట్ గురించే. ఇటలీ కంపెనీలు ఈ రకం ఇంజన్‌కి చేసే కిట్లు అవి. 63 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) ఉన్న బ్లాకు, అంటే సిలిండర్, పిస్టన్ ఒక డబ్బాలో వస్తాయి. కొన్నిటితో హెడ్డు కూడా ఇస్తారు. మా అక్క కొడుకుదీ అదే పాట: "మావయ్యా, డబ్బులు నేను పెట్టుకుంటా, నువ్వు బిగించి పెట్టు చాలు."

నేను బిగించను. ఒక కారణం ఆర్సీ. 150 సీసీ అని రాసున్న బండిలో 177 పెడితే అది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినవాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదని ఆ సెక్షన్ చెప్తుంది. రేపు యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు ముందు పట్టుకునేది దాన్నే. రెండో కారణం ఇంజన్‌లోనే ఉంది. పాతికేళ్ళు తిరిగిన కేసు (క్రాంక్ తిరిగే అడుగు పెట్టె) మీద కొత్త బ్లాకు పెట్టినంత మాత్రాన, క్రాంక్ పక్కల ఉండే రబ్బరు సీళ్ళ దగ్గర దూరే గాలి దూరకుండా ఆగదు. పెద్ద పిస్టన్ ఎక్కువ వేడి పుట్టిస్తుంది. దానికి ఆ గాలీ, గుంటూరు మే నెల ఎండా తోడైతే పిస్టన్ బోరులో బిగుసుకుని పట్టేస్తుంది. కిట్ డబ్బు కిట్‌తోనే పోతుంది.

అందుకని మొదటి ఇంజన్‌కి నేను చెప్పే పద్ధతి వేరు. 57.8 మి.మీ. బోరు, 57 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ ఎక్కిదిగే దూరం), 149.5 సీసీ. దీన్ని అలాగే ఉంచి, ఈ ఇంజన్ ఎక్కడెక్కడ పవర్ పోగొట్టుకుంటోందో కొలిచి, ఒక్కోటీ వెనక్కి తెచ్చుకోవాలి. ఇలా కట్టిన బండి కోటప్పకొండ ఘాట్ మీద ఇద్దరితో ఎక్కేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. స్పీడోమీటర్ చూసి మురిసిపోవాలనుకునేవాళ్ళకి ఇది నచ్చకపోవచ్చు.

విప్పకముందే లీకు చూడండి

టూ స్ట్రోక్‌లో క్రాంక్ కేసు కూడా ఒక పంపే. పిస్టన్ పైకి వెళ్ళేటప్పుడు కిందనుంచి పెట్రోలు, గాలి మిశ్రమాన్ని లాగుతుంది, దిగేటప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టుల (కేసులోంచి బ్లాకులోకి ఉన్న దారులు) గుండా పైకి తోస్తుంది. ఈ పంపుకి ఎక్కడ చిల్లున్నా పవర్ పోతుంది. అంతేకాదు, దూరిన గాలి పెట్రోలుని పలచన చేస్తుంది. పెట్రోలుతోపాటే ఆయిల్ కూడా పలచనవుతుంది.

లీకు చూడటానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఇంట్లో బీపీ చూసే గుండ్రటి డయల్ మీటరు, దాని రబ్బరు బంతి చాలు. చెడిపోయిన స్పార్క్ ప్లగ్ లోపలి పింగాణీ పగలగొట్టి తీసేసి, ఆ చిల్లులో చిన్న ఇత్తడి గొట్టం అరాల్డైట్‌తో అతికించండి. సైలెన్సర్ తీసి ఆ మూతికి రబ్బరు బిరడా బిగించండి. కార్బురేటర్ తీసి ఆ చోట రబ్బరు షీటు, దానిమీద ఇనప పట్టీ పెట్టి పాత స్టడ్లతోనే బిగించండి. పిస్టన్‌ని పూర్తిగా కిందికి దించండి. అప్పుడు పోర్టులన్నీ తెరుచుకుని పై భాగం, కింది కేసు ఒకటే గదిలా ఉంటాయి. ఇప్పుడు బంతి నొక్కి డయల్‌ని 300కి తీసుకెళ్ళండి. అంటే సుమారు 0.4 బార్. అంతకు మించి వద్దు, సీళ్ళు జారతాయి. ఐదు నిమిషాలు ముల్లు దాదాపు కదలకుండా నిలబడాలి.

పడిపోతుంటే సబ్బునీళ్ళు పుయ్యండి. బ్లాకు కింది ప్యాకింగ్, హెడ్డు అంచు, కేసు రెండు చెక్కలు కలిసే గీత, మ్యాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంత చక్రం) వెనక సీలు. బుడగలు ఎక్కడ వస్తే అక్కడే. పైన ఎక్కడా బుడగ లేకపోయినా ముల్లు పడుతోందంటే క్లచ్ వైపు సీలు అనుమానించండి. గేర్ ఆయిల్ పోసే బోల్టు తీసి అక్కడ కాస్త సబ్బు నురగ పెడితే తేలిపోతుంది. ఆ సీలు పోయిన బండి గేర్ ఆయిల్‌ని లాక్కుని కాలుస్తుంది. ఎంత దూరం నడిచినా తెల్లపొగ ఆగదు. చాలామంది దాన్ని రింగుల తప్పనుకుని బోరు కొట్టించేస్తారు.

ఫలితాన్ని నోట్‌బుక్‌లో రాసుకోండి. కట్టాక మళ్ళీ ఇదే టెస్ట్ చేయాలి.

విప్పడం

ఇంజన్ బండి మీద ఉండగానే వెనక చక్రం నట్టు, క్లచ్ నట్టు వదులు చేసుకోండి. బ్రేకు తొక్కిపట్టే మనిషి ఒకడుంటే పని తేలిక. దించాక ఆ నట్ల కోసం సుత్తితో కుస్తీ పట్టక్కర్లేదు. క్లచ్ నట్టుకి కిరీటంలాంటి ప్రత్యేక స్పానర్ కావాలి, మ్యాగ్నెట్‌కి పుల్లర్ కావాలి. రెండూ ఆటోనగర్‌లో తక్కువ ధరకే దొరుకుతాయి. ఉలి పెట్టి కొట్టి తీసే మెకానిక్ కనిపిస్తే బండి తోసుకుని ఇంటికొచ్చేయండి.

ఎల్ఎంఎల్‌లో మిశ్రమం లోపలికొచ్చే దారి రెండు రకాలుగా కనిపిస్తుంది. కార్బురేటర్ తీసి లోపలికి చూడండి. పొడవాటి గాడిలో క్రాంక్ అంచే నేరుగా కనిపిస్తే అది రోటరీ. చిన్న రేకులున్న పెట్టె అడ్డంగా ఉంటే రీడ్. రోటరీ అయితే ఆ గాడి చుట్టూ ఉన్న అల్యూమినియం మెత్త భాగమే మీ వాల్వు. క్రాంక్ దానికి వెంట్రుకవాసి దూరంలో తిరుగుతుంది. అక్కడ స్క్రూడ్రైవర్ గీత కూడా పడకూడదు. కేసు విడదీసేటప్పుడు ఆ చోట ఏదీ దోపకండి. రీడ్ అయితే రేకుల అంచులు వెలుతురుకి పెట్టి చూడండి. సందులోంచి వెలుగొస్తే, రేకు విరిగితే, కొత్తవి వేయండి.

క్రాంక్‌లో చూడాల్సింది కనెక్టింగ్ రాడ్. పైకీ కిందికీ లాగితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కకి కాస్త ఊగడం మామూలే. ఆట ఉంటే రాడ్ కిట్ వేయించండి. వేయించాక రెండు సెంటర్ల మధ్య పెట్టి డయల్ గేజ్‌తో రనౌట్ (తిరిగేటప్పుడు కనిపించే వంకర) చూపించమని అడగండి. 0.03 మి.మీ. లోపలుంటే చాలా మంచిది, 0.05 దాటితే తీసుకోకండి. "చూశాం సార్, కరెక్ట్‌గానే ఉంది" అంటారు. ముల్లు మీ ముందు తిరగాలి. వంకర క్రాంక్ ఉన్న ఇంజన్‌లో కొత్త సీళ్ళు కూడా ఎక్కువ కాలం ఉండవు.

బేరింగులు మంచి కంపెనీవి, సీ3 అని రాసున్నవి తీసుకోండి. ఇంజన్ వేడెక్కినా బిగుసుకోకుండా లోపల కొంచెం ఎక్కువ సందు ఉంచి చేసినవి అవి. సీళ్ళు గోధుమరంగు వైటాన్ రకం తీసుకోండి. ఇప్పుడు బంకులో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20. పాతకాలపు రబ్బరు దానికి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది. పెట్రోలు గొట్టానికీ, కార్బురేటర్ సూది చివరి రబ్బరుకీ ఇదే వర్తిస్తుంది. బేరింగ్‌ని సుత్తితో దించకండి. కేసుని హాట్ ఎయిర్ గన్‌తో నీటిచుక్క వేస్తే చుర్రుమనేదాకా వేడిచేయండి. బేరింగ్‌ని రాత్రంతా డీప్ ఫ్రిజ్‌లో పెట్టి ఉంచండి. దానంతటదే జారి కూర్చుంటుంది. ఫ్రిజ్‌లో బేరింగ్ గురించి ఇంట్లో వచ్చే మాటలు మీరే చూసుకోవాలి. బేరింగులూ సీళ్ళూ పెట్టే ముందే చేయాల్సిన పని ఇంకొకటుంది.

అసలు పని: మెట్టు తీయడం

ఈ పనికి మీ సమయం ఎక్కువ ఇవ్వండి. కేసులో రెండు ట్రాన్స్‌ఫర్ గదులుంటాయి. బ్లాకు అడుగున వాటికి ఎదురుగా రెండు నోళ్ళుంటాయి. ఫ్యాక్టరీలో పోతపోసిన కేసు, పోతపోసిన బ్లాకు కలిసిన చోట రెండూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి కూర్చోవు. ఒక వైపు 2 మి.మీ. మెట్టు, ఇంకో వైపు 3 మి.మీ. మెట్టు. పైకి పోవాల్సిన మిశ్రమం ఆ మెట్టుకి గుద్దుకుంటుంది.

కొత్త బేస్ ప్యాకింగ్ తీసుకుని బ్లాకు అడుగున స్టడ్ చిల్లులకి సరిగ్గా పెట్టి, బ్లాకు నోళ్ళు ఎంతవరకు ఉన్నాయో ప్యాకింగ్ మీద పెన్సిల్‌తో గీసి, ఆ ఆకారంలో కత్తిరించండి. ఇప్పుడు అదే ప్యాకింగ్‌ని కేసు మీద పెట్టండి. కేసు ముఖానికి ముందే నీలం మార్కర్ పూసి ఉంచితే సూదితో గీసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. గీతకి లోపలున్న అల్యూమినియం అంతా మెట్టే.

చిన్న డై గ్రైండర్, కార్బైడ్ బర్ర్ ఉంటే తొందరగా అవుతుంది. లేకపోతే అరగుండ్రటి ఆకురాయి, ఓపిక. కేసులో బేరింగ్ గదులు, రోటరీ గాడి మొత్తం గుడ్డతో, టేపుతో మూసేయండి. గీతదాకా తీసి, అక్కడినుంచి గది లోపలికి 15, 20 మి.మీ. వరకు వాలుగా కలిపేయండి. హఠాత్తుగా ఆగే గుంట చేయకండి. ప్యాకింగ్ కూర్చోడానికి చుట్టూ కనీసం 3 మి.మీ. వెడల్పు అంచు మిగలాలి. స్టడ్ దగ్గర గోడ పలచనగా ఉంటే అక్కడ గీతని పట్టించుకోకండి, మెట్టు ఉండనివ్వండి. అద్దంలా మెరిసేదాకా రుద్దడం మాత్రం వృథా శ్రమ. 120 నంబరు ఎమెరీతో ఆపేయండి. మిశ్రమానికి కావలసింది దారి ఆకారం.

అయ్యాక కేసుని డీజిల్‌తో కడిగి, సబ్బునీళ్ళతో కడిగి, గాలి కొట్టి, ప్రతి ఆయిల్ చిల్లులోకి సన్నటి తీగ పంపి చూడండి. ఒక్క రజను మిగిలినా అది బేరింగ్‌లోకే పోతుంది. బేరింగులు, సీళ్ళు ఇప్పుడు పెట్టండి. క్రాంక్ కూర్చోబెట్టి, కేసు ప్యాకింగ్ వేసి, నట్లు అడ్డంగా ఎదురెదురుగా బిగిస్తూ 13 నుంచి 15 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపండి. క్రాంక్ చేత్తో తిప్పితే ఏ చోటా పట్టకుండా తిరగాలి.

బ్లాకు, పిస్టన్

బోరు కొట్టే షాపుకి బ్లాకు ఒక్కటే ఇచ్చి రాకండి. కొనుక్కున్న పిస్టన్ కూడా ఇవ్వండి. కంపెనీ ఇచ్చిన తర్వాతి ఓవర్‌సైజు పిస్టన్ కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టమనాలి. పిస్టన్ని కొలిచేది తల దగ్గర కాదు. కింది అంచుకి కాస్త పైన, పిన్నుకి అడ్డంగా కొలవాలి. ఎంత క్లియరెన్స్ ఉంచాలన్నది పిస్టన్ డబ్బాలో కాగితం మీద ఉంటుంది. దాన్ని షాపువాళ్ళకి చూపించండి. నేను వెళ్ళే షాపులో పెద్దాయన కాగితం చూడకుండానే, "మాస్టారూ, మీకు లూజ్‌గా పెట్టమంటారా, టైట్‌గానా?" అని అడుగుతాడు. "కాగితంలో ఉన్నంత" అంటాను. ఇద్దరికీ అలవాటైపోయింది.

బోరు, హోనింగ్ అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి. చాలా షాపుల్లో వదిలేసే పని ఇదే. సన్నటి ఆకురాయితో, ఆ తర్వాత ఎమెరీతో ప్రతి పోర్టు పై అంచునీ కింది అంచునీ అర మి.మీ. వాలుగా తీయండి (చాంఫర్). లేకపోతే రింగు పోర్టులోకి కొంచెం ఉబ్బినప్పుడల్లా ఆ అంచుకి తగులుతుంది, ఒకరోజు విరుగుతుంది. రింగుని ఒంటరిగా బోరులో పెట్టి పిస్టన్‌తో సమంగా తోసి, దాని రెండు కొసల మధ్య సందు ఫీలర్ గేజ్‌తో చూడండి. 0.25 మి.మీ. దగ్గరుంటే బాగుంటుంది.

ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికిపోయే దారి) పైకి తీస్తే రేసు బండి అవుతుందని అందరూ అంటారు. లెక్క వేసి చూడండి. ఈ స్ట్రోకుకి ఎగ్జాస్ట్ పై అంచుని 1 మి.మీ. పైకి తీస్తే అది తెరిచి ఉండే కాలం మొత్తం మీద సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. పై ఆర్పీఎమ్‌లో కొంచెం వస్తుంది, కింద పుల్లింగ్ పోతుంది. స్టాక్ సైలెన్సర్‌తో ఆ పైన వచ్చేది కూడా పూర్తిగా రాదు. తీసింది మళ్ళీ పెట్టలేం కూడా. అందుకే మొదటి ఇంజన్‌కి ఎగ్జాస్ట్ ఎత్తు ముట్టుకోకండి. పోర్టు బయటి మూతికీ సైలెన్సర్ గొట్టానికీ మధ్య ఉన్న మెట్టు మాత్రం తీసేయండి.

ఇంకొంచెం పై పవర్ కావాలంటే బేస్ ప్యాకింగ్ మందంతో ఆడుకోవచ్చు. బ్లాకు అర మి.మీ. పైకి లేస్తే ఎగ్జాస్ట్ 2 డిగ్రీలు, ట్రాన్స్‌ఫర్లు 2.5 నుంచి 3 డిగ్రీలు పెరుగుతాయి. నచ్చకపోతే ప్యాకింగ్ మార్చేస్తే మళ్ళీ పాతదే. అల్యూమినియం ప్యాకింగులు లేత్ షాపులో కోయించుకోవచ్చు.

పిస్టన్ మీద బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపుండాలి. పిన్ను లాకులు కొత్తవే వేయాలి. వేసేటప్పుడు కేసు నోట్లో గుడ్డ కుక్కి ఉంచండి. లాకు జారి కేసులో పడితే మళ్ళీ మొదటికొస్తారు.

స్క్విష్

హెడ్డు అంచుకీ పిస్టన్ తలకీ మధ్య పైన మిగిలే సందు ఇది. పిస్టన్ పైకొచ్చినప్పుడు అక్కడి మిశ్రమం మధ్యకి చిమ్మబడి బాగా కలుస్తుంది, తొందరగా మండుతుంది. సందు ఎక్కువైతే అంచున మిగిలిన మిశ్రమం ఊరికే వేడెక్కి టపాకాయలా పేలుతుంది. టకటకమనే ఆ చప్పుడునే మన మెకానిక్‌లు నాకింగ్ అంటారు. కంపెనీ వదిలిన సందు చాలా బండ్లలో 2 మి.మీ. పైనే ఉంటుంది.

ఎలక్ట్రీషియన్ సోల్డర్ తీగ, 2.5 మి.మీ. లావుది తెచ్చుకోండి. పిన్ను ఉన్న దిశలోనే రెండు వైపులా పిస్టన్ తలమీద చివర బోరు గోడకి తగిలేలా గ్రీజుతో అతికించండి. ఇంకో దిశలో పెడితే పిస్టన్ ఊగి కొలత తప్పు వస్తుంది. హెడ్డు బిగించి మ్యాగ్నెట్‌ని చేత్తో ఒకసారి పూర్తిగా తిప్పండి. నలిగిన తీగ చివరిని వెర్నియర్‌తో కొలవండి.

1.3 నుంచి 1.5 మి.మీ. మధ్య మనకి కావాలి. 1.2 కన్నా కిందికి ఈసారి వెళ్ళకండి. ఎక్కువుంటే హెడ్డు ముఖాన్ని లేత్‌లో తీయించండి. తీయాల్సింది 0.2, 0.3 మాత్రమే అయితే దళసరి అద్దం మీద ఎమెరీ పరిచి, డీజిల్ చుక్కలు వేసి, 8 అంకె ఆకారంలో రుద్దితే సరిపోతుంది. మధ్యమధ్య హెడ్డుని తిప్పుతూ రుద్దండి, లేకపోతే ఒకవైపే అరుగుతుంది. బేస్ ప్యాకింగ్ మార్చినప్పుడల్లా ఈ కొలత మళ్ళీ చూడాలి.

హెడ్డు నట్లు అడ్డంగా, మూడు దఫాల్లో, 13 నుంచి 18 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. టార్క్ రెంచ్ లేకపోతే ఒకరోజుకి అడిగి తెచ్చుకోండి. చేతి అంచనా ఈ నాలుగు నట్ల దగ్గర పనికిరాదు.

ఇప్పుడు బీపీ మీటరు మళ్ళీ తియ్యండి. 300 దగ్గర ముల్లు నిలబడకపోతే ముందుకి వెళ్ళకండి.

టైమింగ్

పిస్టన్ పైకి చేరడానికి ఎన్ని డిగ్రీల ముందు ప్లగ్ నిప్పు వేస్తుందన్నదే టైమింగ్. కాయిల్ ప్లేటు మీద గుర్తులున్నా, ఎన్ని చేతులు మారిన మ్యాగ్నెట్టో, ఏ బండిలోంచి వచ్చిన ప్లేటో తెలియదు. సొంతంగా గుర్తు పెట్టుకోండి. పాత ప్లగ్‌లో బోల్టు బిగించి పిస్టన్ స్టాప్ చేసుకోండి. అది హెడ్డులో పెట్టి, కేసు మీద ఒక గుర్తు పెట్టుకుని, మ్యాగ్నెట్‌ని ఒకవైపు ఆగేదాకా తిప్పి ఆ గుర్తుకి ఎదురుగా గీత, రెండోవైపు ఆగేదాకా తిప్పి గీత పెట్టండి. రెంటికీ సరిగ్గా మధ్యది టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైనుండే చోటు. టైలర్ టేపుతో మ్యాగ్నెట్ చుట్టుకొలత తీసి 20తో భాగించండి. వచ్చినంత దూరం 18 డిగ్రీలు. టాప్‌కి ముందు, తిరిగే దిశ చూసుకుని అక్కడ తెల్ల పెయింట్ గీత పెట్టండి. బండి స్టార్ట్ అయ్యాక స్ట్రోబ్ లైటులో (ప్లగ్ నిప్పు వేసినప్పుడల్లా మెరిసేది) ఆ గీత కేసు గుర్తుకి ఎదురుగా కనిపించాలి. స్క్విష్ తగ్గించాం కాబట్టి నేను 17 దగ్గర ఉంచుతాను. వేసవిలో ఆ ఒక్క డిగ్రీ పిస్టన్‌ని కాపాడుతుంది.

ప్లగ్ కూడా ఒక మెట్టు చల్లటిది వేయండి. ఎన్‌జీకేలో బీ7హెచ్ఎస్ ఉంటే బీ8హెచ్ఎస్. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో అంకె తగ్గితే చల్లటిది. షాపులో ఈ రెంటినీ తికమక చేసి ఇవ్వడం తరచూ జరుగుతుంది.

మ్యాగ్నెట్ రెక్కలే ఈ ఇంజన్‌కి ఫ్యాను. ఆ గాలిని బ్లాకు మీదికి మళ్ళించే రేకు తొడుగు చాలా బండ్లలో స్క్రూలు పోయి వేలాడుతుంటుంది, కొన్నిటిలో అసలుండదు. ఈ పనంతా చేసి ఆ తొడుగు లేకుండా బండి నడిపితే చేసిందంతా దండగ. పాత సామాన్ల షాపులో వెతికి తెచ్చి అన్ని స్క్రూలూ పెట్టండి.

సైలెన్సర్, కార్బురేటర్

సైలెన్సర్ లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న ఆయిల్ మసి ఉంటుంది. కాస్టిక్ సోడా నీళ్ళు పోసి ఒక రాత్రి ఉంచి, కడిగేయండి. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. పోసే ముందు తూచి, కడిగి ఆరాక మళ్ళీ తూచండి. బరువులో తేడా చూస్తే నోట మాట రాదు. ఖర్చుతో పోల్చితే ఇంత పికప్ ఇచ్చే పని ఈ మొత్తం జాబితాలో ఇంకోటి లేదు. చప్పుడు చేసే సైలెన్సర్ కొనాలనే ఆలోచన ఇది చేశాక పెట్టుకోండి.

జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే చిల్లున్న చిన్న ముక్క) దగ్గర ఈ20 లెక్క మళ్ళీ వస్తుంది. మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో ఒక వంతుకి సుమారు 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. 20 శాతం కలిస్తే సుమారు 13.5. అంటే పాత జెట్‌తో బండి ఇప్పుడు 8 శాతం దాకా పలచన మిశ్రమం మీద నడుస్తోంది, మనం ఇంకా ఏమీ చేయకముందే. ఈ కార్బురేటర్‌లో మెయిన్ జెట్ అంకె దాని చిల్లు వ్యాసమే, మి.మీ.లో నూరో వంతుల్లో. 100 అంటే 1 మి.మీ. వైశాల్యం వర్గంతో పెరుగుతుంది కాబట్టి 100 నుంచి 104కి వెళ్తే పెట్రోలు 8 శాతం పెరుగుతుంది. ఈ20 లోటు పూడ్చడానికే అంత కావాలి. మెట్లు తీశాక ఇంజన్ ఇంకా ఎక్కువ గాలి పీలుస్తుంది. అందుకే 102, 105, 108, 110 జెట్లు కొనిపెట్టుకుని పెద్దదానితో మొదలుపెట్టి కిందికి దిగండి. చిన్నదానితో మొదలుపెట్టి పైకి వెళ్ళే పద్ధతిలో మధ్యలో పిస్టన్ పట్టేయవచ్చు. స్టవ్ పిన్నుతో చిల్లు పెద్దది చేయడం మన ఊళ్ళలో మామూలే కానీ, ఆ తర్వాత ఆ జెట్ మీద ఉన్న అంకెకి అర్థం ఉండదు.

జెట్ సరిపోయిందో లేదో చెప్పేది ప్లగ్. కొత్త ప్లగ్ వేసి, ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి, కొంతదూరం అలాగే వెళ్ళి, క్లచ్ పట్టి వెంటనే ఇంజన్ ఆపేయండి. ప్లగ్ తీసి పింగాణీ అడుగున, లోతుగా చూడండి. లేత గోధుమరంగు పట్టీ కావాలి. తెల్లగా ఉంటే జెట్ పెంచండి, తడిగా నల్లగా ఉంటే తగ్గించండి. ఇంకో తేలికైన పరీక్ష: ఫుల్ థ్రాటిల్‌లో చోక్ కొంచెం లాగితే బండి ఊపందుకుందంటే మిశ్రమం పలచన. నీరసించిందంటే సరిపోయింది, లేదా ఎక్కువైంది.

స్టార్ట్ చేశాక

మొదటి ట్యాంకుకి లీటరుకి 30 మి.లీ. టూటీ ఆయిల్, తర్వాత 20. జాసో ఎఫ్‌సీ లేదా ఎఫ్‌డీ అని రాసున్నది తీసుకోండి. గేర్ బాక్సులో ఎస్ఏఈ 30 ఆయిల్ 250 మి.లీ. పోయాలి. కారు ఆయిల్ మిగిలింది కదా అని పోస్తే క్లచ్ జారుతుంది. క్లచ్ కార్క్ ప్లేట్లు కొత్తవైతే బిగించే ముందు ఒక రాత్రి అదే ఆయిల్‌లో నానబెట్టండి. పెరిగిన పుల్లింగ్‌కి పాత స్ప్రింగులు చాలకపోవచ్చు, అవీ మార్చండి.

స్టార్ట్ చేసి పది నిమిషాలు ఐడిల్‌లో, అప్పుడప్పుడూ కాస్త రేస్ చేస్తూ నడిపి ఆపేయండి. చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక మళ్ళీ. ఇలా కొన్నిసార్లు చేశాక, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు హెడ్డు నట్లు మళ్ళీ టార్క్ చూడండి. కొత్త ప్యాకింగ్ అణిగి కాస్త వదులవుతాయి.

మొదటి 500 కిలోమీటర్లు హైవే మీద ఒకే థ్రాటిల్‌లో గంటల తరబడి వెళ్ళకండి. ఊళ్ళోనూ చుట్టుపక్కల రోడ్ల మీదా, థ్రాటిల్ పెంచుతూ తగ్గిస్తూ తిప్పండి. అలాగని నాలుగో గేర్‌లో గుణుస్తూ ఎక్కించడం కూడా మంచిది కాదు, గేరు దించండి. కొండ దిగేటప్పుడు జాగ్రత్త. ఈ ఇంజన్‌కి ఆయిల్ పెట్రోలుతోనే వస్తుంది. థ్రాటిల్ మూసి ఇంజన్ బ్రేకింగ్‌తో దిగుతుంటే చక్రాలు ఇంజన్‌ని వేగంగా తిప్పుతుంటాయి, లోపలికి ఆయిల్ మాత్రం రాదు. ప్రతి మలుపు దాటాక ఒకసారి క్లచ్ పట్టి కొంచెం థ్రాటిల్ ఇచ్చి వదలండి. పిల్లలు దీన్ని స్టైల్ అనుకుంటారు.

500 అయ్యాక గేర్ ఆయిల్ మార్చి, వడకట్టి చూడండి. సన్నటి బూడిదరంగు మాత్రం కనిపిస్తే పర్వాలేదు. మెరిసే ముక్కలుంటే బేరింగో గేరో అరుగుతోందని అర్థం. స్ట్రోబ్ మళ్ళీ పెట్టి టైమింగ్ కదల్లేదని చూసుకుని, ప్లగ్ రంగు చూసి, అప్పుడు మెయిన్ జెట్ ఒక సైజు దించి కోటప్పకొండ ఎక్కి చూడండి. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి వేసవిలో సరిపోయిన జెట్ అప్పుడు పలచన అనిపిస్తుంది. సంక్రాంతికి ఊరెళ్ళే ముందు దించిన జెట్‌ని మళ్ళీ ఒక సైజు పెంచండి.